పతంగితో సముద్రం మీద

మా సుల్తానాబాద్ బియ్యపు మిల్లుల వూరు. కరీంనగరం నుంచి పెద్దపల్లి పోయే దారిలో బస్సు కిటికీలోంచి చూసేవారికి మిల్లు గొట్టాలూ, వడ్ల లారీలూ, గాలికి లేచే వూకా కనిపిస్తాయి. వూళ్ళో చెరువు వుంది; కాస్త దూరాన మానేరు వుంది. సముద్రం మాత్రం మాకు పాఠ్యపుస్తకంలో వుండే వస్తువు. నేను ఇరవై ఏళ్ళుగా తెలుగు పాఠాలు చెప్పుకుంటున్నవాణ్ణి. సముద్ర వర్ణనలు విడమరిచి చెప్పి ఎంతమంది పిల్లల్ని పరీక్ష గట్టెక్కించానో లెక్క లేదు గాని, నేను సముద్రాన్ని కళ్ళారా చూసింది నాలుగైదు సార్లే. అటువంటివాణ్ణి సముద్రం మీద పతంగి పట్టుకుని చేసే స్వారీని గురించి రాయబోతున్నానంటే నాకే నవ్వు వస్తున్నది. కాని రాయక తప్పని పరిస్థితిని మా అక్క కొడుకు కల్పించాడు.

2025 మాఘమాసంలో మా అమ్మకు రామేశ్వర యాత్ర చేయిద్దామని బయలుదేరాం. అమ్మ, నేను, సామాను మోస్తాడని వెంటబెట్టుకు పోయిన మేనల్లుడు - ముగ్గురమే. వాడు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. రైలు మండపం దగ్గరే ఆగిపోయింది. పాంబన్ పాత రైలు వంతెనను 2022 చివర మూసేశారు. కొత్తది 2025 ఏప్రిల్‌లో గాని తెరవలేదు. బస్సెక్కి రోడ్డు వంతెన మీదుగా ద్వీపం చేరుకున్నాం. అమ్మ ఆలయంలోని 22 తీర్థాల స్నానమూ ఒక్కటి వదలకుండా చేసింది. మర్నాడు ధనుష్కోటి చూశాం. 1964 డిసెంబరు 22 రాత్రి వచ్చిన తుపానులో ఒక రైలుకు రైలే ప్రయాణీకులతో సహా సముద్రంలో కలిసిపోయిన చోటు అది. కప్పు లేని చర్చి గోడలు ఇంకా నిలిచి వున్నాయి. అమ్మ ఆ గోడలవైపు చేతులు జోడించి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తిరిగి వస్తూ వుంటే కనిపించాయి. నీళ్ళ మీద, ఆకాశంలో, ఐదారు పెద్ద పెద్ద పతంగులు. మనం ఎగరేసే పలచటి కాగితపు పతంగులు కావు, నెలవంకను బోర్లించినట్టున్నవి. ఒక్కొక్క దాని కింద ఒక్కొక్క మనిషి పలక మీద నిలబడి, నీళ్ళు చీల్చుకుంటూ దూసుకు పోతున్నాడు. ఒకడైతే చూస్తూ వుండగానే రెండు నిలువుల ఎత్తు లేచి, గాలిలో ఒక చుట్టు తిరిగి, మెత్తగా నీళ్ళ మీద దిగాడు.

"గిదేం పతంగిరా బిడ్డా, మనిషినే గుంజుకపోతాంది!" అన్నది అమ్మ.

దీనిని కైట్ సర్ఫింగ్ అంటారని మేనల్లుడు చెప్పాడు. ఆ రాత్రి సత్రంలో వాడు నిద్రపోలేదు. తెల్లవారుజామున నన్ను లేపి సెల్‌ఫోను చూపించాడు. ఎవరో ఒక పాత పతంగిని, పలకనూ చవకకు అమ్ముతానని ప్రకటించాడు. వీడు అప్పటికే బేరం కూడా ఆడాడు. "మామా, మన మానేరు డ్యాంల గిన్ని నీళ్ళున్నయి. సముద్రం దాకా ఎందుకు రావాలె? కొనుక్కపోయి మనదగ్గర్నే నేర్చుకుంట," అన్నాడు.

నాకు గుండె గుభేలుమన్నది. పాఠకులలో మా ప్రాంతం వారెవరైనా వుంటే కారణం చెప్పనక్కర లేదు. ప్రతి ఎండాకాలం చెరువుల్లో, కాలువల్లో ఈతకు దిగి తిరిగిరాని పిల్లల ఫొటోలు జిల్లా పేజీల్లో చూస్తూనే వున్నాం. నాతో ఏడో తరగతి చదివిన పిల్లవాడొకడు మానేరులో దిగి మళ్ళీ రాలేదు. వాడి పేరు రాయను. వాళ్ళమ్మ ఇంకా వుంది. వద్దురా అని కసిరితే ఇరవై ఏళ్ళ కుర్రవాడు మానుకుంటాడా? నాకు తెలియకుండా చేస్తాడు, అంతే. అందుకని, "కొనేముందు, తెలిసినవాళ్ళను ఒక మాట అడుగుదాం పద," అన్నాను.

అక్కడ ఈ విద్య నేర్పేవారున్నారు. పాతికేళ్ళ తమిళ కుర్రవాడొకడు మా మాట ఓపికగా విన్నాడు. విని, వచ్చీరాని ఇంగ్లీషులో మూడు ప్రశ్నలు వేశాడు. ఈత వచ్చా? వచ్చునన్నాడు మావాడు, బావిలో నడుముకు బెండు కట్టి నేనే నేర్పాను. పతంగులు ఎగరేశావా? దానికి మావాడు నవ్వాడు. సంక్రాంతికి మూడు రోజులు డాబా దిగని రకం వాడు. మూడో ప్రశ్న: "మీ డ్యాము మీద గాలి ఎటునుంచి ఎటు వీస్తుంది? వీచి వీచి నిన్ను ఎక్కడికి చేరుస్తుంది? అక్కడ ఏముంది?"

మావాడు నా మొహం చూశాడు. నేను వాడి మొహం చూశాను. నలభై ఏళ్ళు దాటి బతుకుతున్న చోట గాలి ఎటు వీస్తుందో నాకు తెలియదు!

ఇసుకలో కూర్చున్న అమ్మ ఇదంతా ఏమిటని అడిగింది. చెప్పాను. ఆమె గుప్పెడు పొడి ఇసుక తీసుకుని, చేయి ఎత్తి, వేళ్ళ సందుల్లోంచి సన్నగా వదిలింది. "గిక్కడ ఈశాన్యం మూల నుంచి వస్తాంది. తెంపు లేకుండ ఒక్క తీరుగ వస్తాంది. తూర్పాలకు మస్తు గాలి," అన్నది. మన ఇళ్ళలో వరికోత యంత్రాలు రాకముందు చేట ఎత్తి పట్టుకుని తూర్పారబట్టిన చేతులవి. తాలు ఎక్కడ పడుతుందో, గింజ ఎక్కడ పడుతుందో తెలియకుండా ఎవరూ చేట ఎత్తరు. గాలి ఆగి ఆగి వీస్తే తాలూ గింజా కలిసిపోతాయి. సుడి తిరిగితే కళ్ళల్లో పడుతుంది. 'తూర్పారబట్టడం' అన్న మాటలో తూర్పు ఎలా వచ్చి కూర్చున్నదో నిఘంటువులు తిరగేసి ఒక పేజీ రాయగలను గాని, సంపాదకులు కొట్టేస్తారు. కుర్రవాడికి మాత్రం అమ్మ చెప్పింది అనువదించి చెప్పగానే, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "మొదటి పాఠం ఇదే సార్. నేను ఫీజు తీసుకుని చెప్పేది ఆమె వూరికే చెప్పేశారు," అన్నాడు.

ఈ క్రీడ పుట్టుపూర్వోత్తరాలు కాస్త చెప్పుకోవాలి. పిడుగులో వున్నది విద్యుత్తేనని చూపిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, చిన్నతనంలో చెరువులో వెల్లకిలా తేలుతూ పతంగి దారం పట్టుకుని, శ్రమ లేకుండా అవతలి గట్టుకు చేరానని ముసలితనంలో ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు. బట్టలు మోసుకుని గట్టు చుట్టి రావడానికి ఇంకొక పిల్లవాణ్ణి కుదుర్చుకున్నాడట. ఈ పద్ధతిన ఇంగ్లీషు ఛానల్ కూడా దాటవచ్చునేమోనని అందులో ఒక మాట విసిరాడు. 1903లో శామ్యూల్ కోడీ అనే ఆయన పతంగి లాగే పడవలో నిజంగానే కాలే నుంచి డోవర్‌కు దాటాడు. వీరిద్దరి నడుమ జార్జి పోకాక్ అనే బ్రిస్టల్ బడిపంతులు వున్నాడు. ఈయన 1826లో పతంగులు లాగే బండికి పేటెంటు పుచ్చుకున్నాడు. ఆ రోజుల్లో రహదారి సుంకాన్ని గుర్రాలను లెక్కపెట్టి వసూలు చేసేవారు గనుక, గుర్రం లేని ఈ బండికి ఎంత కట్టించుకోవాలో సుంకరులకు పాలుపోలేదని చెబుతారు. పంతులు వృత్తిలో ఇటువంటి వాడు ఒకడున్నాడని తెలిసి నాకు సంతోషమయింది.

అయితే వీటన్నిటికీ ఒక్కటే చిక్కు. పతంగి నీళ్ళలో పడితే ఇక లేవదు. ఫ్రాన్సులో సముద్రపు ఒడ్డున పెరిగిన బ్రూనో, డొమినిక్ లెగైన్యూ అనే అన్నదమ్ములు 1984లో దీనికి ఉపాయం కనిపెట్టారు. పతంగి ముందు అంచునూ, అడ్డు పక్కటెముకలనూ సైకిలు ట్యూబుల్లాగా చేసి, పంపుతో గాలి కొట్టారు. పడినా తేలుతుంది, దారం లాగితే మళ్ళీ లేస్తుంది. దాన్ని ఎవరూ కొనక పదేళ్ళకు పైగా ఆ అన్నదమ్ములు అవస్థ పడ్డారు. 1990ల చివర హవాయి దీవుల్లో అలలమీద స్వారీ చేసేవారు చేపట్టాక గాని లోకం కంట పడలేదు. 2024లో పారిస్ ఒలింపిక్సులో మొదటిసారి చేర్చారు. పోటీలు మార్సెయ్ సముద్రంలో జరిగాయి. మగవారిలో ఆస్ట్రియాకు చెందిన వాలెంటిన్ బాంటస్, ఆడవారిలో బ్రిటన్‌కు చెందిన ఎల్లీ ఆల్డ్రిజ్ స్వర్ణ పతకాలు తీసుకున్నారు. ఆస్ట్రియాకు సముద్రమే లేదని మావాడు నాకు రెండుసార్లు గుర్తు చేశాడు. కాంస్యం గెలిచిన సింగపూరు కుర్రవాడు మాక్స్ మేడర్‌కు అప్పటికి 17 ఏళ్ళు. ఈ సంగతీ మావాడు చెప్పినదే.

అక్కకు ఫోను చేసి, తిట్లు తిని, టిక్కెట్లు మార్పించి మూడు రోజులు అక్కడే వుండిపోయాం. రుసుము నా జీతంలో చెప్పుకోదగ్గ భాగమే మింగింది. అది మావాడి తెలివితక్కువ బేరం కంటే చవక అని అప్పటికే నాకు తోచింది. ఎందుకంటే ఆ పాత పతంగి ఫొటో చూసి కుర్రవాడు పెదవి విరిచాడు: గుడ్డ నానిపోయి, కుట్లు సడలినది, అన్నిటికంటే ముఖ్యం, ఆపదలో తెంచుకునే ఏర్పాటు పాత పద్ధతిది. కొత్త సరంజామా మొత్తం కొనాలంటే లక్ష దాటుతుంది. నేర్చుకునే రోజుల్లో మాత్రం నేర్పేవారి సరంజామానే వాడాలి, కొనకూడదు.

మొదటి రోజు నీళ్ళు ముట్టనివ్వలేదు. గాలికి వీపు పెట్టి నిలబడమన్నాడు. మీ ముందర పెద్ద గుమ్మటాన్ని నిలువునా కోసి సగం నిలబెట్టినట్టు వూహించుకోండి. నడినెత్తిన ఒక అంచు, కుడిచేతి వైపొకటి, ఎడమచేతి వైపొకటి. ఈ అంచుల్లో వున్నంతసేపూ పతంగి సాధు జంతువు. నడిమధ్యకు, అంటే మీకు సూటిగా ఎదురుగా, కిందికి వచ్చిందా, ఇక పొగరుబోతు ఎద్దే. ఈ విద్యలో సగం ఆ ఎద్దును ఎప్పుడు నడిమికి రానివ్వాలో, ఎంతసేపు వుండనివ్వాలో తెలియడమే. ఇంకొక లెక్క వుంది. గాలి వేగం రెండింతలైతే లాగే బలం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల గాలిలో హాయిగా ఆడుకున్న పతంగి, 40 కిలోమీటర్ల గాలిలో మనిషిని ఎత్తి కుదేస్తుంది. అందుకే గాలినిబట్టి పతంగి మారుస్తారు. సుమారు 70 కిలోల మనిషి ఓ మోస్తరు గాలికి 12 చదరపు మీటర్లది తీసుకుంటే, గట్టి గాలికి 7, 8 చదరపు మీటర్లది చాలు. మన పతంగికి ఒక్కటే దారం. దీనికి సాధారణంగా నాలుగు, ఒక్కొక్కటి 20 నుంచి 24 మీటర్ల పొడవు. అవి చేతిలోని అడ్డుకర్రకు వుంటాయి. ఆ కర్ర నడుముకు కట్టుకున్న పట్టీ కొక్కేనికి తగిలించి వుంటుంది గనుక బరువు చేతుల మీద పడదు.

అసలు కీలకం ఆ కర్రలో వుంది. దగ్గరకు లాక్కుంటే పతంగి బలం పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. వినడానికి ఇంత సులువు. కాని భయమేస్తే మనిషి ఏం చేస్తాడు? దొరికిన దాన్ని గట్టిగా పట్టుకుంటాడు. పట్టుకున్న కొద్దీ అది ఇంకా లాగుతుంది. లాగిన కొద్దీ ఇంకా బిగిస్తాడు. కుర్రవాడు ఇసుక మీద నేర్పడానికి వాడే మూడు చదరపు మీటర్ల చిన్న పతంగిని నాకూ ఒకసారి ఇచ్చాడు. నెత్తిమీద బుద్ధిగా నిలబడి వుంది. ఇంతేనా అనుకుని అమ్మవైపు చూసి నవ్వాను. అంతే, అది కిందికి వాలింది. నేను మోకాళ్ళ మీద పది బారలు ఇసుకలో దున్నుకుంటూ పోయాను. "వదలండి, వదలండి!" అని వెనక కేకలు వినిపిస్తూనే వున్నాయి. చిన్నప్పటినుంచి చరక వదిలినవాడు వెధవ అని నేర్చుకున్న చేతులు; ఎలా వదులుతాయి? కళ్ళజోడు ఇసుకలోంచి మేనల్లుడు ఏరి తెచ్చాడు. నా చదువు అక్కడితో సమాప్తం.

మావాడికి మాత్రం డాబామీద విద్య ఇక్కడ అక్కరకు వచ్చింది. ఢీల్ ఇవ్వడం తెలిసినవాడికి వదలడం భయం కాదు. అయినా కుర్రవాడు వాడి చేత వదిలించడమే నూరుసార్లు చేయించాడు. ముందు కర్ర వదలాలి. అప్పటికీ లాగితే నడుము దగ్గర వున్న ఎర్ర పిడిని నెట్టి పతంగిని చచ్చిపోనివ్వాలి. అదీ చాలకపోతే చివరి తాడు కూడా విప్పి పతంగినే వదులుకోవాలి. కళ్ళు మూసుకుని చేయి ఎర్ర పిడి మీదికి పోయేదాకా నీళ్ళలోకి దింపలేదు. రెండో రోజు పలక లేకుండా వొట్టి శరీరాన్నే పతంగి చేత లాగించుకోవడం. గాలివాటున పోవడం ఎవరైనా చేస్తారు. ఒక చేయి నీళ్ళలో చుక్కానిలా చాపి గాలికి ఏటవాలుగా పైకి రావడం కష్టం. పలక జారిపోతే తెచ్చుకోవలసింది అలాగే. సాయంత్రానికి వాడు తాగిన వుప్పునీటికి అన్నం సయించలేదు. మూడో రోజు పలక తొడుక్కుని లేచి నిలబడ్డాడు. మూడు సెకన్లు. నేను లెక్కపెట్టాను. తరవాత మొహం బోర్లా పడ్డాడు. మళ్ళీ లేచాడు. అమ్మ కొంగు నడుముకు చుట్టి, మోకాలి లోతు నీళ్ళలోకి వచ్చి నిలబడింది.

గాలి ఒకవైపు లాగుతుంటే మనిషి ఇంకొకవైపు ఎలా పోతాడని నాకు ఎంతకూ అర్థం కాలేదు. తడిసిన చింతగింజను రెండు వేళ్ళ నడుమ నొక్కి చూడమన్నాడు మావాడు. పక్కకు ఎగిరిపోతుంది గదా! పతంగి ఒక వేలు, అంచు మీద వొరిగి నీళ్ళను నొక్కే పలక ఇంకొక వేలు. నడుమ మనిషి చింతగింజ.

ఇక ఎక్కడ నేర్చుకోవాలన్నది. నీళ్ళు అందంగా వున్న చోటు మంచి చోటు అనుకోవడం మొదటి పొరపాటు. ఒడ్డుకు సమాంతరంగా, కొంచెం ఒడ్డువైపు మొగ్గి, ఆగకుండా వీచే గాలి కావాలి. చేతకాక పడిపోయినవాణ్ణి తీసుకొచ్చి ఒడ్డున పడేసే గాలి. ఒడ్డు నుంచి లోపలికి వీచే గాలి చూడ్డానికి చాలా మంచిది. అలలుండవు, నీళ్ళు అద్దంలా వుంటాయి. కాని ఏదైనా తెగిందంటే తిరిగి రావడం వుండదు. గాలివాటు దిక్కున పతంగి దారాలకు రెండింతల దూరం, అంటే 50 మీటర్ల దాకా, మనిషి గాని, బండ గాని, స్తంభం గాని వుండకూడదు. నడుము లోతు నీరు, కింద ఇసుక. పిలవగానే వచ్చే పడవ ఒకటి. ఉరుముల మబ్బు కనిపించిందా, సరంజామా సర్దుకోవాలి.

రామేశ్వరం ఈ లెక్కలో నెగ్గడానికి కారణం దాని వునికే. భారతదేశానికీ, సింహళానికీ నడుమ సందులో గాలి బిగుసుకుని వీస్తుంది. చలికాలంలో ఈశాన్యం నుంచి, ఎండాకాలం మొదలుకొని వానాకాలమంతా నైరుతి నుంచి. సన్నని ద్వీపం గనుక ఒక పక్క సముద్రం రేగితే ఇంకొక పక్కకు పోవచ్చు. ఆంజనేయుడు వాయుపుత్రుడై కూడా ఈ సందు దాటడానికి మహేంద్రగిరి ఎక్కవలసి వచ్చింది. పాఠం చెప్పేటప్పుడు నాకెన్నడూ గాలి దిక్కు గురించిన అనుమానం రాలేదు. అవతల సింహళంలో కల్పిటియ దగ్గర లోతులేని కయ్యలున్నాయి. మే నుంచి అక్టోబరు దాకా అక్కడికి ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు. గోవాలో మోర్జిం దగ్గర ఎండాకాలపు మధ్యాహ్నాలు నేల కాగి సముద్రపు గాలి లేస్తుంది. అది మెత్తని గాలి.

మన కోస్తా మాటేమిటని మీరడుగుతారు. విశాఖపట్నం ఒడ్డు నిటారుగా దిగుతుంది, అలలు ఒడ్డుమీదే విరుచుకు పడతాయి. రామకృష్ణా బీచిలో వొట్టి స్నానానికి దిగినవారే కొట్టుకుపోయిన వార్తలు ఎన్నో చదివాం. ఆరితేరినవారికి సరే, అ ఆలు దిద్దేవారికి తగదు. పులికాట్ సరస్సును పటంలో చూసి మావాడు ఎగిరి గంతేశాడు. లోతు తక్కువ, విశాలం, సముద్రపు గాలి. కాని అది పక్షుల అభయారణ్యం. చలికాలమంతా రాజహంసలు వేల సంఖ్యలో అక్కడ మేస్తుంటాయి. వాటి నెత్తిన ఇంతింత పతంగులు ఎగరేయడం వేటకంటే ఏమంత తక్కువ? సంక్రాంతికి మన మాంజా దారాలకు తెగిన రెక్కలు చాలవా? నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా, పండగ తెల్లవారి మా వీధి చెట్లకు అది వేలాడుతూనే వుంటుంది.

సరే, ఇంటికి వచ్చాం. నేను ఆశించినట్టు మావాడు మానేరు మాట మరిచిపోలేదు. ఆషాఢంలో సెలవులకు వచ్చి, గాలి చూసి వద్దాం పద మామా అన్నాడు. ఈ అడిగే పద్ధతి మాత్రం నాకు నచ్చింది. వెదురుకర్రకు ఎర్ర రిబ్బను కట్టుకుని, అమ్మ ఇచ్చిన సంచీడు వూక పట్టుకుని కరీంనగరం దగ్గర దిగువ మానేరు ఆనకట్ట మీదికి వెళ్ళాం. నాలుగు రోజులు, పొద్దునా సాయంత్రమూ. వచ్చేపోయేవారు మమ్మల్ని ఇరిగేషన్ వారనుకున్నారు. ఒకాయన నీళ్ళెప్పుడు వదులుతారని కూడా అడిగాడు.

గాలి వుంది, లేకపోలేదు. వానాకాలపు పడమటి గాలి. కాని సముద్రం మీద గాలిలాగా ఒక్క తీరుగా రాదు. గుట్టలూ చెట్లూ దాటి వస్తుంది గనుక ముక్కలు ముక్కలుగా వస్తుంది. రిబ్బను ఒక్క నిమిషం నిటారుగా నిలబడుతుంది, మరునిమిషం చచ్చినట్టు వేలాడుతుంది, ఇంతలో వెనక్కు తిరుగుతుంది. సందెవేళ వానకు ముందు లేచే ఈదురు గాలి సంగతి వేరే చెప్పాలా? మూడో రోజు మావాడు నీటి అంచున నిలబడి వూక మొత్తం ఎగరేశాడు. అది కట్ట రాళ్ళవైపు కొట్టుకొచ్చింది. నీళ్ళమీద పడిందంతా మెల్లగా రాళ్ళలో చేరింది. కట్ట వారగా చూపు సారిస్తే దూరాన గేట్లు. వాడు చాలాసేపు దాన్నే చూశాడు. నేను నోరు మెదపలేదు. అందులో వలలూ వున్నాయి. అది కరీంనగరం తాగే నీళ్ళు కూడా. ఎల్లంపల్లి జలాశయం సంగతి వాడే ఎత్తి, వాడే కొట్టేశాడు. రామగుండం చుట్టుపట్ల ఎటుచూసినా హైటెన్షన్ తీగలు. పాతిక మీటర్ల తడి దారాలతో ఆ ఛాయలకు పోయేవాడికి ఈత వస్తేనేం, రాకుంటేనేం?

"ఇక్కడ కాదు మామా," అన్నాడు చివరకు. ఆ పాత పతంగి బేరం తెంచుకున్నట్టు సాయంత్రం ఫోనులో ఎవరికో చెబుతుంటే విన్నాను.

హైదరాబాదులో చదువుకునే పిల్లలకు ఇంకొక దారి వుంది. అది చాలామందికి తెలియదు గనుక రాస్తున్నాను. హుస్సేన్ సాగర్ మీద తెరచాప పడవల పోటీలు ఏటా వానాకాలంలో జరుగుతాయి. మన దక్కను పీఠభూమి మీద గాలి ఆ నెలల్లోనే గట్టిగా వుంటుంది గనుక దేశంలోని పడవల వాళ్ళంతా అప్పుడు ఇక్కడికి వస్తారు. అక్కడి యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద ఇళ్ళ పిల్లలకు కూడా పడవ నడపడం నేర్పుతుంది. అలా నేర్చుకున్న పిల్లలు జాతీయ పోటీలకు ఎదిగారు. ఆగి ఆగి వీచే గాలి పతంగికి ప్రమాదం గాని, చిన్న పడవకు మంచి బడి. గాలి ముక్కను నీళ్ళ రంగులో ముందే చూడడం అలవాటవుతుంది. లైఫ్ జాకెట్ వుంటుంది, వెంట రక్షణ పడవ వుంటుంది, బోల్తా పడితే నవ్వేవాళ్ళూ వుంటారు. మావాడు ఆదివారాలు పడవ నేర్చుకోవడానికి పోతున్నాడు. మూడు వారాలు బోల్తా పడ్డాక, నాలుగో వారం నుంచి ఫోనులో చెప్పే కబుర్లు మారాయి. ఇప్పుడు ఎవరైనా పలకరిస్తే ముందు చెట్టు కొమ్మ చూసి తరవాత జవాబు చెబుతున్నాడని అక్క ఫిర్యాదు.

కైట్ సర్ఫింగ్ వదలలేదు. డబ్బు కూడబెడుతున్నాడు, ట్యూషన్లు చెబుతున్నాడు. మళ్ళీ మాఘానికి రామేశ్వరం పోతే ఇంకొక ఐదారు రోజులు నేర్చుకుంటే, గాలికి ఎదురెక్కి బయలుదేరిన చోటికే తిరిగి రావడం వస్తుందట. అంతవరకు వచ్చినవాణ్ణే నేర్చుకున్నవాడు అంటారట. మొన్న ఫోను చేసి, "అమ్మమ్మ వస్తదా, అడుగు మామా" అన్నాడు. అమ్మ అప్పుడు వాకిట్లో చేట పట్టుకుని పెసలు చెరుగుతున్నది. నా మాట విని పొట్టు ఎటు పోతున్నదో ఒకసారి చూసుకుని, కొంచెం పక్కకు జరిగి కూర్చున్నది.

"ఇర్వై రెండు తానాలు మళ్ళ చెయ్య. గని, ఇసిరెల మీద కూసోని వాని పతంగి సూత్త," అన్నది.

ఇసిరెలంటే ఏమిటే అని అడిగాను. "గదే, సముద్రం కాడి ఇసుక, గాలికి ఇసిరేసినట్టు వుంటది గద," అన్నది. ఆ మాట ఏ నిఘంటువులోనూ లేదు; ఆమె అప్పటికప్పుడు పుట్టించినది. డైరీలో రాసుకుని, మావాడికి వస్తుందని చెప్పాను.